అమ్మకు చెప్పు

ఉధ్నా, సూరత్
6 సెప్టెంబరు 2024

కోమలీ,

ఇది నీ అత్తమ్మ రాత. అన్నం తిన్నాకే చదువు, మధ్యలో లేవకు.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. మొన్న మీ అన్న నర్సింగం ఎత్తి, "ఆమెను జర కొన్ని దినాలు ఇడిసిపెట్టుండ్రి అత్తా" అన్నాడు. విడిచిపెట్టడానికి నేనేమన్నా నిన్ను పట్టుకొని కూర్చున్నానా? అందుకే రాస్తున్నాను. కాగితం మోగదు. నీకు ఇష్టమున్నప్పుడే చూస్తావు. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటే నువ్వే సర్దుకో.

ఇక్కడ వానలు తగ్గాయి. ఖాడీ వాగు నీళ్ళు గల్లీలోంచి పోయాయి గానీ గోడ మీద బురద గీత అట్లాగే ఉంది. మీ మామ సున్నం వేస్తానంటే నేనే వద్దన్నాను. శరత్ జ్వరంతో పడుకున్నప్పుడు నీళ్ళు అంతవరకే ఉన్నాయి. వాడు ఇంట్లో ఉన్నప్పటి గీత అది. ఉండనీ. నేను మళ్ళీ చీరలకు రాళ్ళు అంటించే పని పట్టాను. చేతులు ఊరికే ఉంటే తలకాయ ఊరికే ఉండదు.

అసలు సంగతికి వస్తాను. కతర్‌గామ్ నుంచి ఓంప్రకాష్ సేఠ్ కబురు పెట్టాడు, కార్ఖానాలో శరత్ సామాను ఉంది, తీసుకుపొమ్మని. మీ మామ బట్ట నేసే సాంచెలు ఆపి రాలేడు కాబట్టి నేను పోయాను. అక్కడ వాడు చేసే పని నాకు తెలియనిది కాదు. చాయ్ దుకాణం నెత్తి మీదికి మనిషంత కేటిలీ, నగల దుకాణం ముందర బండి చక్రమంత ఉంగరం, బట్టల మార్కెట్ గేటుకు తాటిచెట్టంత దారం కండె. చిన్నప్పుడు గోరంతదాన్ని కొండంత చేస్తావేందిరా అని తిట్టేదాన్ని. అదే వాడికి పనయింది, అదే అన్నం పెట్టింది.

వెనక షెడ్డులోకి పోతే లారీ అంత చెప్పు బోర్లా పడి ఉంది. ఒంటి కాలిది. రబ్బరు చెప్పు. ఇద్దరు మనుషులు దాని మీద ఎక్కి కూర్చొని గరుకు కాగితంతో రుద్దుతున్నారు. అరిగిన మడమ, అడుగున పట్టిన నల్లటి మురికి, పట్టీ ఊడిరాకుండా అడుగున గుచ్చిన పిన్నీసు, అన్నీ ఉన్నాయి. ఆ పిన్నీసే నా ఎత్తు ఉంది. ఇంట్లో చిటికెడంత చెప్పు బోర్లా పడితేనే లొల్లి అవుతుందని కాలితో తిప్పేస్తాం. ఇంత చెప్పు బోర్లేస్తే ఎంత లొల్లి కావాలి?

ఓంప్రకాష్ సంబరంగా చెప్పుకొచ్చాడు. డుమస్ రోడ్డు మీద కొత్త తోట కడుతున్నారట. ఇంట్లో వస్తువులను పెద్దగా చేయించి అందులో పెడతారట. ఒకరు దువ్వెన చేశారట, ఒకరు అగ్గిపెట్టె చేశారట. మన శరత్‌ది ఇదట. దీపావళికి తోట తెరుస్తారట. చెప్పు కింద రాతి పలక మీద వాడి పేరు చెక్కుతారట. "ఉస్కా నామ్ రహేగా, మౌసీ" అన్నాడు. పేరు ఉంటుందట. ఎక్కడ ఉంటుంది? చెప్పు కింద ఉంటుంది.

కోమలీ, చెప్పు చూపిస్తేనే మన దాంట్లో తలలు పగిలే కొట్లాటలు అవుతాయి. చెప్పుల దండ ఎవరి మెడలో వేస్తారో నీకు తెలుసు. పోయినవాడి పేరును పువ్వుల కింద పెడతారు, దీపం కింద పెడతారు. చెప్పు కింద పెడతారా? పక్కింటామె అప్పుడే అడగనే అడిగింది, "సారక్కా, నీ కొడుకు దేవుని బొమ్మలు చేస్తడనుకున్నం, చెప్పు చేసిండట గద" అని. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే ఇంత మండకపోవును.

ఇంకా విను. వాడి తర్వాత హక్కు భార్యదట. నువ్వు సరే అంటేనే తోటవాళ్ళు పెడతారట. తల్లి మాట పనికిరాదట. నీకు ఈ చెప్పు సంగతి ముందే తెలుసని కూడా ఓంప్రకాష్ అన్నాడు. ఒకే పొయ్యి మీద వండుకొని తిన్నాం, నాకు ఒక్క మాట అనలేదు నువ్వు.

సరే, అయిందేదో అయింది. సేఠ్‌కు ఫోన్ చేసి వద్దు అను. అంతే నేను అడిగేది.

తలకు నూనె పెట్టుకుంటున్నావా? ఎండిపోయి తిరగకు.

నీ అత్తమ్మ
సారక్క

•

వరంగల్
17 సెప్టెంబరు 2024

అత్తమ్మా,

మీ ఉత్తరం అందింది. మీరు చెప్పినట్టు అన్నం తినే చదివాను. చదివాక ఆ అన్నం అరగలేదు.

మామయ్య దగ్గు తగ్గిందా? సాంచెల దగ్గర ముక్కుకు బట్ట కట్టుకొమ్మనండి. నేను చెబితే వినేవారు, మీరు చెబితే ఎదురు మాట్లాడతారని తెలుసు, అయినా చెప్పండి. ఇక్కడ అన్నావదినలు బాగానే చూసుకుంటున్నారు. ఎవరూ ఏమీ అడగరు. అదే కొంచెం కష్టంగా ఉంది.

చెప్పు గురించి. ఆయన ఎవరినీ చిన్నబుచ్చడానికి అది చెయ్యలేదు. నెలల తరబడి చేశారు. సేఠ్ పని అయిపోయాక ఉండిపోయి చేసేవారు. ఇంటికొచ్చి వేళ్ళకు అంటిన జిగురు గీక్కుంటూ దాని గురించే మాట్లాడేవారు. నాకు ఆ కళ సంగతి పెద్దగా తెలియదు. ఒకసారి మాత్రం అడిగాను, ఉంగరాలూ కేటిలీలూ చేసే మీరు చెప్పు ఎందుకు ఎత్తుకున్నారని. "చిన్నగున్నప్పుడు ఎవడు చూస్తడే దాన్ని, తొక్కుకుంట పోతరు. లారీ అంత చేసి అడ్డం పెడితే ఆగి చూడకుంట ఎట్ల పోతరో చూస్త" అన్నారు. నాకు తెలిసింది అంతే.

మీకు ఎందుకు చెప్పలేదంటే ఆయన వద్దన్నారు. తోట తెరిచే రోజు మిమ్మల్ని తీసుకెళ్ళి దాని ముందు నిలబెట్టాలని ఆయన ఆశ.

ఇంకొక సంగతి కూడా రాయాలి. ఉగాదికి ముందు మీ చెప్పు ఒకటి కనిపించలేదు. కుక్క ఎత్తుకుపోయిందని గల్లీ అంతా వెతికారు మీరు. కుక్క కాదు. ఆయన అడిగితే గడప దగ్గర నుంచి తీసి నేనే ఇచ్చాను. దాన్ని ముందు పెట్టుకొనే ఆయన చేశారు. ఆ షెడ్డులో ఉన్నది మీ చెప్పే.

అందుకే వద్దు అనలేను అత్తమ్మా. ఎవరి దుకాణం కోసమూ కాకుండా ఆయన చేసింది అదొక్కటే. ఓంప్రకాష్ గారికి సరే అంటాను.

హక్కు భార్యదట, తల్లి మాట పనికిరాదట అని రాశారు. ఆ హక్కు నేను అడిగి తెచ్చుకున్నది కాదు. మీకు ఇవ్వడానికి వీలుంటే ఎప్పుడో ఇచ్చేసేదాన్ని.

మామయ్యకు నమస్కారాలు.

కోమలి

•

ఉధ్నా
25 సెప్టెంబరు 2024

కోమలికి,

నీ ఉత్తరం మొదట మీ మామ చదివాడు. చదివి, మడిచి, నా చేతిలో పెట్టి పనికి పోయాడు.

అయితే అది నా చెప్పే. ఆ కుక్కను ఎన్ని తిట్లు తిట్టానో. ఇప్పుడు అది గల్లీలో ఎదురుపడితే నేనే తల తిప్పుకుంటున్నాను.

ఎవరిదో అనుకున్నప్పుడు కడుపు మండింది. నాదని తెలిశాక ఒళ్ళంతా మండుతోంది. పట్టీ ఊడితే పిన్నీసు గుచ్చుకొని నడిచేది నేనొక్కదాన్నే కాదు, మా గల్లీలో సగం మంది అట్లాగే నడుస్తారు. కానీ పిన్నీసు అడుగున ఉంటుంది. అది నాకు తెలుసు, నేలకు తెలుసు. మందికి తెలిసే పని లేదు. దాన్ని తీసుకుపోయి ఊరంతా చూసేటట్టు నిలబెడతారా? కొడుకు సంపాదిస్తున్నాడు, కోడలు ఎత్తు మడమల చెప్పులు తొడుగుతున్నది, తల్లి పిన్నీసు చెప్పు ఈడ్చుకుంటూ తిరుగుతున్నది అనరా? వాడు నాకు కొత్త జోడు తేలేదా? తెచ్చాడు. నేనే పెండ్లిళ్ళకని అట్టపెట్టెలో దాచుకున్నాను. ఆ అట్టపెట్టెను ఎవరు లారీ అంత చేసి పెడతారు?

మీ మామ అంటాడు, రాముని పాదుకలు సింహాసనం ఎక్కలేదా అని. వాటికి పిన్నీసు ఉన్నదా అని అడిగాను.

నేను మొన్న మళ్ళీ కతర్‌గామ్ పోయాను. ఓంప్రకాష్‌తో, "లారీ వస్తే చక్రాల ముందట పండుకుంట, అప్పుడు చెప్పునూ నన్నూ కలిపి ఎత్తుకపోండ్రి" అన్నాను. వాడికి మన మాట అర్థం కాక తెలుగు వచ్చిన మేస్త్రీని పిలిచి అడిగాడు. అర్థమయ్యాక కుర్చీ తెచ్చి వేసి చాయ్ తెప్పించాడు. నేను తాగలేదు. "మీ కోడలు సరే అంటే నేనేం చేయను మౌసీ" అన్నాడు హిందీలో. చూశావా, అక్కడ కూడా నువ్వే.

ఒక మాట ఇన్ని దినాలు కడుపులోనే పెట్టుకున్నాను. ఇవాళ రాస్తాను. ఆసుపత్రిలో నన్ను ఇంటికి పంపింది నువ్వు. గంజి కాచుకొని రమ్మన్నావు. నేను గంజి గిన్నె పట్టుకొని మెట్లు ఎక్కేసరికి వాడు లేడు. వాడి దగ్గర నువ్వు ఉన్నావు, నేను మెట్ల మీద ఉన్నాను. కన్నది నేను, ఆఖరి చూపు నీది. వాడు చేసిన చెప్పు మీద మాట కూడా నీదే. మరి నాకేం మిగిలింది? ఒంటి చెప్పు మిగిలింది. జోడు లేదు గదా, పారెయ్యబుద్ధి కాక మంచం కింద పెట్టాను.

నువ్వు సరే అంటే అను. కానీ అన్నాక నాకు మళ్ళీ రాయకు.

సారక్క

•

వరంగల్
4 అక్టోబరు 2024

అత్తమ్మా,

రాయొద్దన్నారు. నేను ఇంకా సరే అనలేదు కాబట్టి రాస్తున్నాను.

గంజి తెమ్మన్నది నేను కాదు. ఆయన. మీ చేతి గంజి కావాలని సైగ చేస్తే, ఆ సైగ నాకు అర్థమై మీకు చెప్పాను. అప్పుడు మీకు నా గొంతు ఒక్కటే వినిపించింది. నేను పంపానని మీరు అనుకున్నారని ఇప్పుడే తెలిసింది. ఇన్ని రోజులు ఆ మాట మోసుకుంటూ నాకు అన్నం వడ్డించారా?

మీరు వెళ్ళాక జరిగింది మీకు రాయాలి. ఎదురుగా చెప్పలేకే సూరత్ నుంచి వచ్చేశాను.

మీరు అటు మెట్లు దిగి ఉంటారు. ఆయన ముఖం మీద ఆక్సిజన్ కోసం పెట్టిన మూతిబుట్ట లాంటిది పక్కకు లాగేసి, నా చెయ్యి పట్టుకొని, "అమ్మకు చెప్పు" అన్నారు. అంతే అన్నారు. నర్సు పరుగెత్తుకొచ్చి మళ్ళీ పెట్టేసింది. నేను చెవి దగ్గర వంగి, ఏం చెప్పాలండీ, ఏం చెప్పాలి, అని అడుగుతూనే ఉన్నాను. ఆయన గుమ్మం వైపు చూశారు. మళ్ళీ నా వైపు చూశారు. తర్వాత ఇక మాట రాలేదు.

ఏం చెప్పమన్నారు అత్తమ్మా? ఆ రోజు నుంచి అదే వెతుకుతున్నాను. ఏదైనా బాకీ పడ్డ మాట ఉందా, దాచిన సంగతి ఉందా, మీ మీద ఏదైనా అలక ఉందా అని ఒక్కొక్కటే తవ్వుకుంటున్నాను. మీ పేరు ఫోనులో వెలిగితే నాకు ఆ గొంతే వినిపిస్తుంది. చెప్పు, చెప్పు అని. ఎత్తి ఏం చెప్పను? 'అమ్మను జాగ్రత్తగా చూసుకో అన్నారు' అని ఏదో ఒకటి కల్పించి చెబుదామని కూడా అనుకున్నాను. కర్మ రోజు మీ పక్కన కూర్చొని నోరు తెరిచాను. మీరు నా వైపు తిరిగారు. మీ కళ్ళు చూశాక అబద్ధం రాలేదు.

మీకు చేరాల్సింది నా చేతిలో పెట్టి వెళ్ళారు. నేను దాన్ని పోగొట్టాను. ఫోన్ ఎత్తకపోవడానికి కారణం అదే. మీ మీద కోపం కాదు, అన్న చెప్పుడు మాటలూ కాదు.

చెప్పు సంగతి మీరు ఎలా అంటే అలాగే. ఈ ఉత్తరానికి మీరు ఏం రాస్తారో చూసి సేఠ్‌తో మాట్లాడతాను.

కోమలి

•

వరంగల్
11 అక్టోబరు 2024

అత్తమ్మా,

మీ నుంచి జవాబు లేదు. మీరు ఇక రాయరని అర్థమైంది.

నిన్న సద్దుల బతుకమ్మ. నన్ను ఎవరూ రమ్మనలేదు, నేనూ వెళ్ళలేదు. మేడ మీద నుంచి పాట విన్నాను. కిందికి దిగి ఓంప్రకాష్ గారికి ఫోన్ చేసి వద్దు అన్నాను. తోటవాళ్ళకు కూడా నా మాటగా చెప్పమన్నాను. ఆ చోటు ఇంకొకరికి ఇస్తారట. చెప్పును కోసేసి లోపలి ఇనుము మరో పనికి వాడతారట. సేఠ్ దసరాకు ఊరెళ్తున్నారట, తిరిగొచ్చాక ఆ పని చేయిస్తామన్నారు.

ఆయన చెప్పమన్నది మీకు ఇవ్వలేకపోయాను. మీరు అడిగిందైనా ఇచ్చాను. ఇక ఎవరి ముందూ మీరు తల దించుకోనక్కర్లేదు.

కోమలి

•

ఉధ్నా
12 అక్టోబరు 2024, దసరా

బిడ్డా కోమలీ,

నీ ఉత్తరం నిన్ననే చేతికి వచ్చింది. టపా అతను పక్క గల్లీలో ఇచ్చిపోతే వాళ్ళు పండుగ సామాను కింద పడేసి మరిచిపోయారు. నేను జవాబు రాయలేదని ఏమేమి అనుకున్నావో.

నా చేతులకు జిగురు ఉంటే మీ మామ చదివి వినిపించాడు. అద్దాలు పెట్టుకొని, వేలు పెట్టుకొని, బడిపిల్లవాడు చదివినట్టు చదివాడు. 'అమ్మకు చెప్పు' దగ్గర ఆగిపోయాడు. అద్దాలు తీసి, "ఏం చెప్పుమన్నడో పాపం పోరడు" అన్నాడు.

"చెప్పుమనుడు గాదు, చెప్పు అడిగిండు" అన్నాను నేను.

నా నోట్లోంచి అది ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

నీకు యాది ఉందా, ఆ దినం నేను ఆసుపత్రికి ఎట్లా వచ్చానో? గల్లీ నిండా ఖాడీ నీళ్ళు. మోకాళ్ళ లోతు దాటుతుంటే ఉగాది తర్వాత కొన్న చెప్పులు కొట్టుకుపోయాయి. వెతికే తీరిక ఎక్కడిది? ఉత్త కాళ్ళతోనే వచ్చి వాడి మంచం కాడ నిలబడ్డాను. కాళ్ళకు బురద, ఒక వేలు చీరుకొని నెత్తురు. వాడు నా ముఖం చూడలేదు కోమలీ, నా కాళ్ళే చూశాడు. నాకు అప్పుడు బాధనిపించింది, ఎంత దూరం నుంచో పరుగెత్తుకొస్తే ముఖం చూడడేమిటని. ఆ కాళ్ళతోనే గంజికి బయలుదేరాను. వాడు గుమ్మం దిక్కు చూశాడన్నావు. ఆ గుమ్మంలోంచి పోయింది ఎవరు? నేనే గదా.

వాడు నిన్ను నాకేమీ చెప్పమనలేదు బిడ్డా. అమ్మకు చెప్పులు అనబోయాడు. ఆ 'లు' అనేటంత ఊపిరి మిగలలేదు.

మీ మామ ఒప్పుకోలేదు. "నువ్వు చూసినవా, ఎవరికెరుక" అన్నాడు. నాకెరుక. ఒకవేళ నాది తప్పయినా తప్పుగానే ఉండనీ. నువ్వు ఇక వెతకకు. నువ్వు పోగొట్టింది ఏమీ లేదు. నాకు చేరాల్సింది నాలుగో తారీఖు నాడు నువ్వు రాసి పంపావు, నాకు చేరింది.

రాత్రి అన్నం తినలేకపోయాం. పొద్దున్నే లేచి కతర్‌గామ్ పోయాను. ఓంప్రకాష్ ఊరికి పోయాడట. మేస్త్రీ ఒక్కడే పనిముట్లకు కుంకుమ పెడుతున్నాడు. షెడ్డు తాళం తీయమన్నాను. మళ్ళీ చక్రాల కింద పండుకుంటానేమోనని భయపడుతూ తీశాడు.

ఇప్పుడు దాన్ని సరిగ్గా తిప్పి పెట్టారు. అప్పుడు నేను అడుగే చూశాను గదా, పైభాగం ఇప్పుడే చూడటం. నీలం పట్టీ. తెల్లటి తలం. ఆ తలంలో గుంతలు ఉన్నాయి. బొటనవేలిది గంపంత గుంత. నా చిటికెన వేళ్ళు రెండూ వంకర, అంచు దాటి బయటికి పోతాయి, అక్కడ రబ్బరు నొక్కుకుపోయినట్టు చేశాడు. కుడివైపు ఒరిగి నడుస్తానని నన్ను మీరంతా నవ్వేవాళ్ళు, మడమ ఆ దిక్కే అరగదీశాడు. ఈ కాళ్ళ మీద ఇన్నేళ్ళు నిలబడ్డాను, నేను ఒక్కనాడు వీటిని ఇట్లా చూసుకోలేదు. వాడు ఎప్పుడు చూశాడో. నేను అన్నం వడ్డిస్తుంటే చూశాడా, చీరలు మోసుకుంటూ పోతుంటే వెనక నుంచి చూశాడా?

ఆ బొటనవేలి గుంతలో కూర్చున్నాను. మేస్త్రీ చూడనట్టు బయటికి పోయాడు.

పిన్నీసు ఉంటే ఉండనీ. మంది అనుకునేది అనుకోనీ. నువ్వు సేఠ్‌కు సరే అను. ఇది చదివిన దినమే అను. వాడి పేరు అక్కడే చెక్కనీ.

జమ్మి పంచడానికి ఇక్కడ ఎవరున్నారు. ఆకు ఈ కాగితం మడతలో పెడుతున్నాను, మీ అన్నకు కూడా ఇవ్వు.

అత్తమ్మ

•

ఉధ్నా
3 నవంబరు 2024

కోమలీ,

ఫోన్‌లో ఎంత మాట్లాడినా కుదురుగా చెప్పినట్టు ఉండటం లేదు. నువ్వు ఏడుస్తావు, నేను ఏడుస్తాను, మధ్యలో మీ మామ లాక్కొని వాతావరణం అడుగుతాడు. అందుకే ఇదంతా వరసగా రాస్తున్నాను. నాకు కూడా ఒకచోట ఉంటుంది.

నీ బతుకమ్మ నాటి ఉత్తరం నా దసరా ఉత్తరానికి దారిలో ఎదురై దాటిపోయినట్టుంది. నీ ఉత్తరం నా చేతికొచ్చిన దినం నేను రాళ్ళ పని గుడ్డ మీదే వదిలేసి ఉరికాను. నీకు ఫోన్ చేశాను, మోగి మోగి ఆగింది. షేర్ ఆటో పట్టుకొని కతర్‌గామ్ పోయాను. షెడ్డులో కోసే మిషను వైరు తగిలించి పెట్టారు. సుద్దముక్కతో చెప్పు మీద ఎక్కడెక్కడ కోయాలో గీతలు గీశారు. ఒక గీత నా మడమ మీదుగా పోయింది.

వద్దంటూ దానికి అడ్డం నిలబడ్డాను. ఓంప్రకాష్ రెండు చేతులూ జోడించాడు. హిందీలో ఏమన్నాడో నీకు మన మాటలో రాస్తాను. "మౌసీ, మొదట వద్దన్నది మీరు. సరే అనబోయింది మీ కోడలు. ఇప్పుడు వద్దన్నది మీ కోడలు, సరే అంటున్నది మీరు. మీ ఇంట్లో ఎప్పుడన్నా ఒక్క మాట మీద ఇద్దరు ఉన్నారా?" ఉన్నాం, ఇప్పుడే ఉన్నాం, ఆమెకు ఇంకా తెలియదు అన్నాను. తన చేతిలో ఏమీ లేదని, తోట ఆఫీసులో మేడం ఉంటుందని, సాయంత్రంలోగా ఆమె ఒప్పుకుంటే మిషను ఆపుతానని అన్నాడు.

ఇంటికి వచ్చి మంచం కింది నుంచి ఆ ఒంటి చెప్పు తీసి పాత చీర ముక్కలో చుట్టుకొని పోయాను. మీ మామ కూడా వచ్చాడు. చెప్పు తెస్తున్నానని ఆయనకు చెప్పలేదు, చెబితే రానిచ్చేవాడు కాదు.

ఆఫీసు చల్లగా ఉంది. మేడం మంచిదే, కూర్చోమన్నది. కానీ భార్య వద్దన్న వస్తువు పెట్టలేం, ఆ చోటుకు వేరేవాళ్ళు గొడుగు చేస్తున్నారు, మీరు ఎవరైనా కావచ్చు, మాకు ఎట్లా తెలుస్తుంది అన్నది. నా హిందీ నీకు తెలుసు. మార్కెట్‌లో కూరగాయలు కొనేంత. మూట విప్పి చెప్పు తీసి ఆమె బల్ల మీద పెట్టాను.

గది మొత్తం లేచి నిలబడింది. ప్యూన్ అరిచాడు. మీ మామ తల పట్టుకున్నాడు. నేను మేడం ముఖమే చూస్తూ, "ఇస్కా జోడీ ఆప్ కే పాస్ హై" అన్నాను. దీని జోడు మీ దగ్గర ఉంది అని.

ఆమెకు కొంచెం సేపు అర్థం కాలేదు. తర్వాత బల్ల సొరుగులోంచి శరత్ ఇచ్చిన ఆ పెద్ద చెప్పు ఫోటోలు తీసింది. ఒకసారి ఫోటో చూసింది, ఒకసారి చెప్పు చూసింది. చిటికెన వేలి కాడ వేలు పెట్టి చూసింది, తన వేలితోనే. ప్యూన్‌ను ఇక ఊరుకోమన్నది. నీ నంబరు అడిగి తన ఫోన్‌తో చేసింది. కొత్త నంబరు కాబట్టి నువ్వు ఎత్తావు.

అప్పటికి నా దసరా ఉత్తరం నీకు అందలేదు. నీ లెక్కలో నేను ఇంకా పాత సారక్కనే. అందుకే మేడం అడిగితే నువ్వు గట్టిగా నహీ అన్నావు, రెండోసారి ఇంకా గట్టిగా అన్నావు. బయటికి వినబడింది. నా కోసమే కొట్లాడుతున్నావని అక్కడ నాకొక్కదానికే తెలుసు. మేడం తల అడ్డంగా ఊపుతూ ఫోన్ నాకు ఇచ్చింది.

"కోమలీ, నేనే. పెట్టనియ్యి బిడ్డా" అన్నాను.

నువ్వు ఊపిరి తీసుకున్నావు. "ఎవరన్నా బలిమి చేసిన్రా అత్తమ్మా?" అన్నావు.

"ఎవరు జేస్తరు నన్ను? చెప్పు నాది. నేనే అంటున్న."

తర్వాత నువ్వు ఏమన్నావో, నేను ఏమన్నానో ఆ గదిలో ఎవరికీ అర్థం కాలేదు, నాకు కూడా సగమే యాది ఉంది. మేడం మాత్రం నీళ్ళ గ్లాసు నా ముందరికి జరిపి, ఓంప్రకాష్‌కు ఫోన్ చేసి మిషను ఆపమన్నది. గొడుగు ఇంకోచోటికి పోయింది.

చెప్పును తోటలో లేపి నిలబెట్టిన దినం నేను పోలేదు. భయమేసింది. తోట తెరిచాక, నిన్న గుజరాతీ వాళ్ళ కొత్త సంవత్సరం కదా, జనం వస్తారని మీ మామా నేనూ పోయాం. మడమ నేలకు ఆనించి, ముందరి భాగం గాలిలోకి లేపి పెట్టారు, అడుగు తీసి అడుగు వేయబోతున్నట్టు. ముందు నుంచి వస్తే చెప్పు అడుగుభాగం కనబడుతుంది, మురికీ పిన్నీసూ అన్నీ. వెనక నుంచి వస్తే నా వేళ్ళ గుంతలు. రాతి పలక మీద మన అక్షరాల్లో ఒక వరస, గుజరాతీలో ఒక వరస. అమ్మ చెప్పు, చేసినవాడు శరత్.

నేను దూరంగా నిలబడ్డాను. ఎవరు ఏమంటారో విందామని. ఎవరన్నా నవ్వితే, ఎవరన్నా ఉమ్మితే ఏం చేయాలో కూడా అనుకొని పోయాను. కొందరు ఫోటోలు దిగారు. పిన్నీసు చూసి ఒక ముసలామె తన పక్కామెను మోచేత్తో పొడిచి తన కాలు ఎత్తి అడుగు చూపించింది. ఇద్దరూ నవ్వారు. అది నన్ను చూసి నవ్వే నవ్వు కాదు.

ఒక చిన్న పాప చెప్పు మీదికి ఎక్కి జారుడుబండ ఆడబోయింది. ఆ ముసలామె మనవరాలే అనుకుంటా. ముసలామె కేకేసి ఏదో అన్నది. పాప దిగి, కాళ్ళ చెప్పులు విడిచి, పలక పక్కన పెట్టి, ఉత్త కాళ్ళతో ఎక్కింది. వెనక వచ్చిన పిల్లలు ఆమెను చూసి వాళ్ళూ విడిచారు. ఎక్కడా విడవమని బోర్డు లేదు కోమలీ, కాపలావాడు కూడా చెప్పలేదు. ఒకరిని చూసి ఒకరు. చూస్తుండగానే శరత్ పేరు ముందర చెప్పుల వరస అయింది, గుడి మెట్ల దగ్గర అయినట్టు. చెప్పు ఎక్కడానికి చెప్పులు విడుస్తున్నారు.

పక్కకు చూస్తే మీ మామ కూడా విడిచాడు. ఆయన ఎక్కలేదు. ఊరికే విడిచి నిలబడ్డాడు.

చూడటానికి వస్తానన్నావు గదా, రైలు ఎప్పుడు ఎక్కుతావో చెబితే స్టేషనుకు నేనే వస్తాను.

అత్తమ్మ